నీడ మన వైపు పడాలి

మొన్న శుక్రవారం నీళ్ళ ట్యాంకరు డ్రైవరు మళ్ళీ దారి తప్పాడు. మేడ మీద ట్యాంకు ఎండిపోయి, స్నానాల్లేక, నానబెట్టిన బట్టలు బకెట్లో అలాగే ఉండిపోయి నేను కుతకుతలాడుతుంటే ఫోన్ చేశాడు. "మేడమ్, నక్షా దేఖ్ కే హీ ఆయా. ఇధర్ తో ఖజూర్ కా బాగ్ హై" అన్నాడు. పటం చూసుకుంటూ మా ఇంటికి రావలసినవాడు ఖర్జూరపు తోటలో తేలాడన్నమాట. ఏ పటమో నాకు చెప్పక్కర్లేదు. మా సందు మొగదల కేరళ ఆయన కొట్టు ఉంది. దాని పక్కగోడ మీద నల్లరంగుతో వేసి ఉంది ఆ పటం.

అందులో కొండలు పైన ఉంటాయి, సముద్రం అడుగున ఉంటుంది. లోకంలో పటాలన్నిటికీ ఉత్తరం పైన ఉంటే దీనికి దక్షిణం పైన. ఆ గోడకేసి నిలబడి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది కానీ, ఫోను పక్కన పెట్టుకుని పోల్చి చూసేవాడి గతి అధోగతి. సున్నం కొట్టించేస్తానని కొట్టాయన ఎన్నిసార్లు అన్నా నేనే పడనివ్వలేదు. ట్యాంకరువాణ్ణి తిట్టాల్సిన తిట్లు మాత్రం ఆ పటం వేసినాయనకే పెట్టుకున్నాను. ఆయన పోయి నెలలయింది. తిట్టినా పట్టించుకోరు. బతికున్నప్పుడు మాత్రం పట్టించుకున్నారా!

ఆయన గ్రేస్ వాళ్ళ నాన్నగారు. గ్రేస్, నేను ఇక్కడ గల్ఫులో, ఖబూరా అనే ఊళ్ళో, ఒకే ఆస్పత్రిలో నర్సులం. ఒకే ఇంట్లో వాళ్ళు కింద, మేము పైన. ఆవిడది గోదావరి వైపు, మాది బాపట్ల దగ్గర. భార్య పోయాక ఆయన ఏడాదిలో సగం కూతురి దగ్గరకి విజిట్ మీద వచ్చి ఉండేవారు. నేను అంకుల్ అనేదాన్ని. నన్ను ఆయన పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు, ఎప్పుడూ "అమ్మాయ్" అనే. వయసులో ఉండగా ఎయిర్‌ఫోర్సులో చేశారు. యుద్ధం వచ్చినప్పుడు శత్రువు నేల మీదికి వెళ్ళి ఫోటోలు తీసుకొచ్చే స్క్వాడ్రన్ అది. ఈయన విమానం ఎక్కేవారు కాదు. వచ్చిన ఫిల్ములు కడిగి, ముద్రించి, ఆ ఫోటోల్లో ఏముందో చదివి చెప్పే సెక్షన్లో కుర్రాడు.

ఆయనతో పెద్ద తంటా ఏమిటంటే, ఏదైనా చూపిస్తే ఎదురుగా ఉండి చూసేవారు కాదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి, మన పక్కకి వచ్చి, మన భుజం మీంచి చూసేవారు. కరెంటు బిల్లయినా అంతే, కూరల చీటీ అయినా అంతే. కొట్టాయన లెక్క చూపిస్తే గల్లాపెట్టె వెనక్కి వెళ్ళిపోయేవారు. "అరె బాబా, కస్టమర్ అవతల నిలబడాలి" అని ఆయన హిందీలో మొత్తుకుంటే, "నువ్వు చూసేదే నేనూ చూడాలి కదయ్యా" అని తెలుగులో జవాబు. ఒకసారి ప్రార్థన కూడికకి వచ్చిన అయ్యగారు బైబిల్లో ఒక వచనం వేలు పెట్టి చూపించబోతే ఈయన లేచి వెళ్ళి అయ్యగారి కుర్చీలోనే సగం సర్దుకుని కూర్చున్నారు. అయ్యగారు మంచివాడు కాబట్టి సరిపోయింది. గ్రేస్ మాత్రం సిగ్గుతో చచ్చిపోయింది.

రెండోది ఫోను తలకిందులు చేయడం. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని, ఆకాశం నుంచి తీసిన ఫోటోల్లో ఊళ్ళు చూసుకుంటూ ఉండేవారు. కంటి చూపు మందగించింది కనుక ఫోను ముక్కుకి ఆనించుకుని, అదీ తిరగేసి. పక్కతోటలో పనిచేసే మల్లేశు ఒకరోజు గోడ మీంచి చూసి నవ్వాడు.

"ఏం సార్, గిట్ల ఉల్ట వట్టిన్రు ఫోను? దిమాగ్ గిట్ల తిరిగిందా ఏంది?"

"ఇటు రా. ఇటు, నా పక్కకి రా. ఎదురుగా నిలబడితే ఏం తెలుస్తుంది?" అని అతన్ని గోడ దూకించి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నేనూ బ్యాగు భుజాన వేసుకునే నిలబడి విన్నాను. మల్లేశు తోటలోని పాత బావినే చూపించారు. మామూలుగా పట్టుకుంటే బావి ఉన్నచోట చిన్న మట్టిగుట్ట లేచి ఉన్నట్టు కనిపించింది. ఫోను తిరగేశారు. గుట్ట కాస్తా లోపలికి దిగిపోయి బావి అయిపోయింది. నా కళ్ళు నేను నమ్మలేకపోయాను. మళ్ళీ తిప్పమన్నాను. గుట్ట. ఇంకోసారి తిప్పారు. బావి.

"వెలుతురు ఎప్పుడూ పైనుంచి వస్తుందని మన కళ్ళకి అలవాటమ్మాయ్. అందుకని ఫోటోలో నీడ మన వైపు పడేలా పెట్టుకోవాలి. నీడ మనకి దూరంగా పోయిందనుకో, గుంట దిబ్బలా కనిపిస్తుంది, దిబ్బ గుంటలా కనిపిస్తుంది. సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, నీడలు ఉత్తరానికి పడతాయి. కాబట్టి దక్షిణం పైకి పెట్టి చూడాలి. మాకు మొదటి రోజు నేర్పే పాఠం ఇదే" అన్నారు.

గోడ మీద పటం అలా ఎందుకు ఏడ్చిందో అప్పుడు తెలిసింది నాకు.

మల్లేశుది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటికి పోయి ఏళ్ళయింది. తన ఊరు వెతికించి, తన ఇల్లు చూపించమన్నాడు. అంకుల్ ఫోను తిప్పి, కళ్ళు చికిలించి, "స్లాబు మీద నీళ్ళ ట్యాంకు పెట్టారు. నీడ చూడు, గుండ్రంగా. పెరట్లో చెట్టు కొట్టేశారు, మొదలు నీడ పొట్టిగా ఉంది" అన్నారు. మల్లేశు అక్కడికక్కడే భార్యకి ఫోన్ కొట్టాడు. నిజమే. ట్యాంకు పెట్టించిందట, వేపచెట్టు కొట్టించిందట. "నాకు ఒక్క మాటన్న జెప్పలేదు సార్! ఆకాశం జెప్పాల్నా?" అని ముందు గట్టిగా నవ్వాడు. తరువాత గోడ దూకి పోయి చాలాసేపు అటు తిరిగే నిలబడ్డాడు. వేపచెట్టు వాళ్ళమ్మ పెట్టిందట.

మనిషి గురించి అంకుల్ చెప్పిన మాట కూడా ఆ రోజుల్లోదే. పైనుంచి చూస్తే మనిషి కనిపించడట. చుక్క మాత్రం కనిపిస్తుందట. ఆ చుక్క మనిషా, రాయా, కుండా అని చెప్పేది నీడే. "నీడ ఉంటే నిలబడి ఉన్నాడని" అన్నారు. లేకపోతే అని నేనడిగాను. ఆయన వినిపించుకోనట్టే ఫోను జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

స్క్వాడ్రన్ గురించి అడిగితే మాత్రం హుషారొచ్చేది. ఆ విమానాలకి తుపాకులుండేవి కావట. పొట్ట కింద కెమెరాలే. ఫోటో తీసేటప్పుడు కింద నుంచి ఎంత కాలుస్తున్నా విమానం వంకర పోకూడదట, తిన్నగా పోవాలి. పక్కకి తప్పుకుంటే ప్రాణం దక్కుతుంది, ఫోటో దక్కదు. విమానం దిగీ దిగకముందే జీపులో ఫిల్ము వచ్చేదట. కడిగిన ఫిల్ము ఆరకముందే అచ్చు తీయాలి, తడి ఫోటోలే బల్ల మీద పరవాలి. మందు నీళ్ళలో నాని నాని వేళ్ళు గోధుమరంగు తిరిగిపోయేవట. చింతపండు పిసికిన చెయ్యిలా ఉండేదమ్మాయ్ అనేవారు. వేరుశెనగపప్పు పొట్లం ఎప్పుడూ జేబులో పెట్టుకుని తిరిగే పైలట్ ఒకాయన ఉండేవాడట. వెళ్ళబోయేముందు సగం పొట్లం డార్క్‌రూమ్ కిటికీలో పెట్టి, వచ్చి తింటా, ఎవరూ ముట్టుకోవద్దు అన్నాడట. ఆ రోజు జీపు రాలేదు. పొట్లం మెత్తబడిపోయేదాకా అందులో చెయ్యి పెట్టినవాడు లేడట.

ఈ కథలన్నీ చెప్పేటప్పుడు గ్రేస్ భర్త పక్కనుంటే గర్వంగా, "మామయ్యగారి స్క్వాడ్రన్ యుద్ధం మొత్తంలో ఒక్క తూటా పేల్చలేదు తెలుసా" అనేవాడు. ఆ మాట వినగానే అంకుల్ చెప్పడం ఆపేసేవారు. మధ్యలో ఆగిన కథ ఇక ముందుకి కదిలేది కాదు. వినయం అనుకునేదాన్ని నేను. మహా తెలిసినట్టు.

ఛాతీలో పట్టేసినట్టుందంటే ఒకరోజు మా ఆస్పత్రికే తీసుకొచ్చాం. సూడాన్ డాక్టరు ఎక్స్‌రే తెరమీద పెట్టుకుని చెప్పబోతుండగా, ఈయన లేచి ఆయన బల్ల చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. డాక్టరు ఉలిక్కిపడ్డాడు. గ్రేస్ నుదురు కొట్టుకుంది. తరువాత గ్రేస్ మందుల కోసం లైన్లో నిలబడితే నేను ఆయన్ని క్యాంటీన్‌లో కూర్చోబెట్టి చెడామడా వాయించాను.

"ఎదురుగా కూర్చుని చూస్తే ఏమైపోతుంది అంకుల్? ఆ డాక్టరు ఏమనుకుని ఉంటాడు? మీ అమ్మాయి ఇక్కడ ఉద్యోగం చేసుకోవాలా వద్దా?"

ఆయన టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఒకసారి చూశానమ్మాయ్, ఎదురుగా నిలబడి" అన్నారు.

తరువాత బల్ల మీదున్న బిస్కట్ పొట్లం నా ముందుకి జరిపారు. అది ఫోటో అట. నేను ఆఫీసర్ని. దాని అంచు మీద నా టీ కప్పు పెట్టారు. ఆఫీసరు గారి కప్పు కూడా ఫోటో మీదే ఉండేదట. అంకుల్ లేచి బల్లకి అవతల, నాకెదురుగా, అటెన్షన్‌లో నిలబడ్డారు. క్యాంటీన్‌లో జనం చూస్తున్నారు. నేను కూర్చోండి అంకుల్ అంటున్నా వినలేదు.

ఆ ఫోటోలో ఊరి పక్కన వరసగా గుండ్రటి ఆకారాలున్నాయట. దిబ్బలైతే మందుగుండు కుప్పపోసి మట్టి కప్పినట్టు. గుంటలైతే ఏమీ కాదు, ఇటుకల కోసం మట్టి తవ్విన గుంటలు. ఇలాంటివి మామూలుగా జంట ఫోటోలు పెట్టి, రెండు అద్దాల పెట్టెలోంచి చూసి ఎత్తుపల్లాలు తేలుస్తారట. ఆ రోజు జంటలో రెండోది పాడైంది. ఆఫీసరుకి తొందర. ఆయన ముందు ఫోటో ఆయన వైపు సరిగ్గానే ఉంది, నీడలు ఆయన వైపే పడుతున్నాయి. ఈయన ఇవతల నిలబడి తలకిందులుగా చూస్తున్నారు. ఆఫీసరు పక్కకి వెళ్ళి నిలబడే చొరవ ఆ ర్యాంకులో వాడికి లేదు. ఆఫీసరు మోచెయ్యి, టీ కప్పు జరిపి ఫోటో తన వైపు తిప్పుకునే ధైర్యం అసలు లేదు.

"ఆఫీసరు నన్నడిగాడమ్మాయ్, నాకు గుంటల్లా కనిపిస్తున్నాయే అని. ఆయనకి సరిగ్గానే కనిపించాయి! నేనన్నానూ, కాదు సార్, దిబ్బలు, అలవాటు లేని కళ్ళకి అలాగే అనిపిస్తుందని. నవ్వుతూ కూడా అన్నాను. సెక్షన్లో నా కళ్ళంటే అందరికీ గురి. ఆయన సరే అని రాసుకున్నాడు."

"తరువాత?"

"తరువాత వేరే స్క్వాడ్రన్ విమానాలు వెళ్ళాయి. తుపాకులున్నవి, బాంబులున్నవి. మర్నాడు మావాళ్ళు మళ్ళీ అదే చోటు ఫోటో తీసుకొచ్చారు. అదీ నేనే కడిగాను. అప్పుడెవరూ ఎదురుగా లేరు. నీడ నా వైపు పెట్టుకుని చూశాను." ఆయన చెయ్యి బిస్కట్ పొట్లాన్ని మెల్లిగా తిప్పింది. "గుంటలు. విమానాల చప్పుడుకి భయపడి ఊళ్ళోవాళ్ళు ఆ గుంటల్లోకి దిగి కూర్చున్నట్టున్నారు. చుక్కలున్నాయి. నీడల్లేవు."

నాలోని నర్సు బుద్ధే పైకొచ్చి, ఎంతమంది అంకుల్ అని అడిగాను.

"లెక్కపెట్టడమే నా ఉద్యోగం కదమ్మాయ్" అన్నారు. ఎంతమందో చెప్పలేదు. అప్పటి సార్జెంటుకి చెబితే, రిపోర్టు వెళ్ళిపోయింది, నోరు మూసుకుని టీ తాగమన్నాడట. ఆ టీ తాగానమ్మాయ్ అన్నారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదట, భార్యకి కూడా. గ్రేస్‌కి చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. నాకెందుకు చెప్పారని అడిగితే, నువ్వు రోజూ పుళ్ళు కడుగుతావు కదా అన్నారు.

అప్పుడే ఎందుకు చెప్పారో కూడా తరువాత తెలిసింది. వాళ్ళ స్క్వాడ్రన్ చరిత్ర పుస్తకంగా వేస్తున్నారు. రిటైరైన ఆఫీసరొకాయన పూనుకుని అందరి దగ్గరా జ్ఞాపకాలు పోగుచేస్తున్నాడు. వాట్సాప్‌లో గ్రూపుంది. పొద్దున్నే పువ్వులు, జెండాలు, మధ్యమధ్య ఎవరో ఒకరు పోయారని వార్త. ఆ పుస్తకంలో తన మాట ఒక్కటి వేయించాలని అంకుల్‌కి పట్టుదల. తనని పొగడమని కాదు, తన పేరు వేయమనీ కాదు. ఆ ఊరి పక్కనున్నవి దిబ్బలు కావు, గుంటలు, చూసి చెప్పినవాడు తప్పు చెప్పాడు, గుంటల్లో మనుషులున్నారు. ఇంతే. "ఆ ఊరివాళ్ళకి ఎవరైనా ఎప్పుడైనా మీ వాళ్ళు సిపాయిలు కారని చెప్పారో లేదో. కాగితం మీద ఇప్పటికీ అది మందుగుండే కదమ్మాయ్" అనేవారు.

కంటికి అక్షరాలు ఆనవు కనుక ఆయన చెబుతుంటే నేనే ఇంగ్లీషులో కొట్టి పంపాను. అదీ ఆయన నా పక్కన కూర్చుని, ఒక్కో మాట చదివించుకుని. పొరపాటు అనే మాట పెడితే వద్దన్నారు. తప్పు అని పెట్టమన్నారు. జవాబొచ్చింది. నోటెడ్ సార్, దండాలు, జెండా. వారం ఆగి మళ్ళీ పంపించారు. మళ్ళీ దండాలు. మూడోసారి ఆ పుస్తకం కూర్చే ఆయనే ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాను. మర్యాదస్తుడే. సార్, మన స్క్వాడ్రన్ ఒక్క తూటా పేల్చలేదు, అదే మన గొప్పతనం, పుస్తకం మొదలయ్యేదే ఆ వాక్యంతో అన్నాడు. ఇన్నేళ్ళ తరువాత ఎవరికేం లాభం, "ఛోడియే నా సర్", వదిలేయండి అన్నాడు. పోయిన పైలట్ల కుటుంబాలు చదువుకునే పుస్తకం సార్ అని కూడా అన్నాడు. అంకుల్ ఆ మాట దగ్గర ఆగిపోయారు. ఆ వేరుశెనగల పైలట్ గుర్తొచ్చి ఉంటాడు. అయినా చివరికి, "ఒక్క లైను వేయండి సార్, చిన్న అక్షరాల్లోనైనా" అన్నారు. చూద్దాం సార్ అన్నాడాయన. ఆ చూద్దాంని పట్టుకుని అంకుల్ నాలుగు నెలలు బతికారు. రోజూ మెట్ల మీద నన్ను ఆపి, వచ్చిందేమో చూడమ్మాయ్ అనేవారు. రాలేదు అంకుల్ అంటే, చిన్న అక్షరాలు కూర్చడానికి టైము పడుతుంది అని నవ్వేవారు.

పుస్తకం వచ్చింది. గ్రూపులోనే పెట్టారు. గ్రేస్ టాబ్లెట్‌లో తెరిచి ఆయన పక్కన కూర్చున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. ఒక్కో పేజీ చెబుతూ పోయాను. మొదటి వాక్యం ఆ తూటాదే. పైలట్లు, పతకాలు, పెళ్ళిళ్ళు, క్రికెట్ జట్టు. సెక్షన్లో పనిచేసినవాళ్ళ ఫోటో ఒకటి, పేర్లు లేకుండా. తరువాత ఒక పేజీ నిండా ఆ ఫోటో వచ్చింది. ఆయన ముద్రించిన ఫోటోనే. చూడగానే గుర్తుపట్టారు. కింద ఏం రాశారని అడిగారు. చదవకుండా తప్పించుకుందామనిపించింది, కానీ చదివాను. మన స్క్వాడ్రన్ డేగకళ్ళు పసిగట్టిన శత్రువుల మందుగుండు దిబ్బలు, మర్నాడే పూర్తిగా ధ్వంసమయ్యాయి, అని ఉంది. చిన్న అక్షరాల కోసం పేజీ అంతా వెతికాను. వెనక పేజీ, ముందు పేజీ. లేదు.

అంతకంటే ఘోరం ఆ ఫోటో. చక్కగా ఉత్తరం పైకి పెట్టి అచ్చు వేశారు. నీడలన్నీ దూరంగా పోతున్నాయి. నేల మీంచి ఒక్కొక్క దిబ్బ పొంగి లేచినట్టు, చేత్తో తడిమితే తగిలేట్టు ఉంది. నాకే అవి దిబ్బలనిపించాయి.

అంకుల్ టాబ్లెట్ నా చేతుల్లోంచి తీసుకుని తిరగేశారు. దిక్కుమాలిన టాబ్లెట్, తిప్పగానే ఫోటో తనంతట తనే మళ్ళీ నిలువుగా తిరిగింది. మళ్ళీ దిబ్బలు. మళ్ళీ తిప్పారు. అదీ తిరిగింది. తిప్పారు. తిరిగింది. పిచ్చివాడిలా తిప్పుతూనే ఉన్నారు, గాజుపలక ఒళ్ళో జారుతోంది. నేను లాక్కుని, సెట్టింగుల్లో ఆ తిరగడం ఆపేసి, నీడలు ఆయన వైపు పడేలా పట్టి చూపించాను. గుంటలు. ఎండిన మట్టి గుంటలు, అంచుల్లో చిన్నచిన్న చుక్కలు, వాటి పక్కన సన్నటి నీడలు. ఇంకా నిలబడే ఉన్నారు వాళ్ళు. బాంబులు పడకముందు ఫోటో కదా.

"కనిపిస్తోందా అమ్మాయ్?"

"కనిపిస్తోంది అంకుల్."

"నీకు కనిపించింది. నాకు కనిపించింది. పుస్తకం చదివేవాడు తిప్పి చూస్తాడా?"

చూస్తారని అబద్ధమాడలేకపోయాను. రోజూ వార్డులో బతకనివాళ్ళకి బతుకుతారని చెబుతాను. ఆ ఒక్క అబద్ధం మాత్రం నోట్లోంచి రాలేదు. నాకు ఆ పుస్తకం కూర్చినాయన మీద, టీ కప్పు పెట్టిన ఆఫీసరు మీద, మా అంకుల్ మీద కూడా ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. ఆయన ఏడవలేదు. టాబ్లెట్ మూత వేసి, దాని మీద చెయ్యి ఆనించి, గ్రేస్ వచ్చేదాకా అలాగే కూర్చున్నారు.

ఆ తరువాత మెట్ల మీదకి రావడం మానేశారు. మల్లేశు గోడ అవతల నుంచి, "పెద్దసారు పానం బాగలేదా అక్కా? మా రూమ్ల పోరగాళ్ళు ఇండ్లు సూపెట్టుమంటున్రు" అని రెండు మూడుసార్లు అడిగాడు. కళ్ళు కనిపించడం లేదన్నానని చెప్పమన్నారు అంకుల్. మల్లేశు నమ్మాడు. విజిట్ గడువు అయిపోవచ్చింది. ఈసారి పొడిగించుకుందాం నాన్నా అని గ్రేస్ ఎంత బతిమాలినా ఇంటికి పోతానన్నారు.

వెళ్ళే రోజు పైకి వచ్చారు, చెప్పి వెళ్దామని. అంతకుముందే మా చెల్లికి పాప పుట్టింది. ఆయన వస్తున్న అడుగుల చప్పుడు విని, బల్ల దగ్గర నా పక్క కుర్చీలో బట్టలు తీసేసి ఖాళీ చేసి పెట్టాను, ఎలాగూ ఇటే వస్తారని. పాప ఫోటో ఫోనులో పెట్టి బల్ల మీద ఉంచాను. చూడండి అంకుల్ అన్నాను.

ఆయన రాలేదు. బల్లకి అవతల, నాకెదురుగానే నిలబడి, తలకిందులుగా ఉన్న పసిపిల్లని ఒక్క క్షణం చూశారు.

"బాగుందమ్మాయ్" అన్నారు. వందనాలమ్మా అని వెళ్ళిపోయారు.

ఆ కుర్చీ ఖాళీగా అలాగే ఉంది. నేను ఆయన్ని చివరిసారి చూసింది అదే. వానాకాలంలో, వాళ్ళ ఊళ్ళోనే, నిద్రలో పోయారు. గ్రేస్ ఉన్నపళంగా టిక్కెట్టు దొరకబుచ్చుకుని వెళ్ళింది. నాకు సెలవు దొరకలేదు. ఆయన కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక వీడియో పంపించింది. సంఘ కాపరి గారు బొబ్బలు పెట్టి మరీ ఆ చరిత్ర పుస్తకంలోని మొదటి వాక్యం చదివారు. మన సహోదరుడు యుద్ధంలో ఉండి కూడా ఒక్క తూటా పేల్చని దళంలో సేవ చేశాడు, ఆయన చేతులకి రక్తం అంటలేదు, అన్నారు. స్తోత్రం అన్నారు అందరూ. గ్రేస్ ముఖం ఏడుపులో కూడా వెలిగిపోతోంది. ఆయన చెప్పొద్దన్న మాట నా దగ్గరే ఉంది. ఇప్పుడు రాస్తున్నాను గానీ ఆవిడకి ఎప్పటికీ చెప్పలేను. అంటే ఆ ఊరి పక్కన ఇంకా మందుగుండే ఉన్నట్టు లెక్క.

వీడియో వెనకే ఒక ఫోటో వచ్చింది. మా వైపు ఇప్పుడు పెళ్ళికీ చావుకీ డ్రోన్ తిప్పుతున్నారు. సమాధుల తోట మీదుగా తీసిన ఫోటో. డ్యూటీ మధ్యలో, సిరంజీల ట్రాలీ పక్కన నిలబడి తెరిచాను. తెల్లబట్టలు కట్టుకున్న జనం చుట్టూ నిలబడి ఉన్నారు. మనుషులు కాదు, చుక్కలు, వాటికి పొడుగాటి నీడలు. నీడలన్నీ నాకు దూరంగా పోతున్నాయి. మధ్యలో నల్లగా, కోలగా, లోతుగా గుంట. ఇంకా పూడ్చనే లేదు. అందరూ అంచున నిలబడి అందులోకి తొంగి చూస్తున్నట్టుంది.

నా చెయ్యి తనంతట తనే ఫోను తిప్పింది. మట్టి పైకి లేచింది. పూలదండలు వేసిన దిబ్బ. నీడలన్నీ నా వైపు వచ్చాయి. మధ్యలో ఆ దిబ్బ కింద ఉన్న ఆయనకి మాత్రం నీడ లేదు.

ఇంతలో గ్రేస్ మెసేజ్ పెట్టింది. "నాన్న ఫోటో బాగా వచ్చింది కదా?"

ఫోను మళ్ళీ మామూలుగా తిప్పి పట్టుకుని, బాగుంది అని పెట్టాను.